కుడి అంచున సాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆర్సెనల్, ఇంగ్లండ్ జట్ల వింగర్ (మైదానం అంచున దాడి చేసే ఆటగాడు) బుకాయో సాకా గురించి, అతన్ని చూసి ఆట నేర్చుకుంటున్న పిల్లల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

సాకా అసలు వింగర్ కదా, మొదట్లో లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమ అంచు డిఫెండర్‌గా) ఎందుకు ఆడించారు? ఆ సీజన్ వృథా అయినట్టేనా?
(ఓ పాఠకుడు, విజయవాడ)

వృథా కాలేదు సరికదా, అతనికి అన్నిటికన్నా అక్కరకొచ్చిన సీజన్ అదేనని మా అభిప్రాయం. 2018 నవంబర్ 29న కీవ్‌లో వోర్స్‌క్లా పోల్టావాతో జరిగిన యూరోపా లీగ్ మ్యాచ్‌లో తొలిసారి సీనియర్ జట్టుకు ఆడినప్పుడు అతనికి 17 ఏళ్లు. 2019 సెప్టెంబర్ 19న ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌ను 3-0తో ఓడించిన మ్యాచ్‌లో ఒక గోల్ కొట్టి, మిగతా రెండిటికీ పాస్ అందించాడు. అప్పుడతను ఎడమ వింగర్. ఆ డిసెంబర్‌లో మైకెల్ ఆర్టెటా కోచ్‌గా వచ్చేసరికి లెఫ్ట్ బ్యాక్‌లు టియర్నీ, కొలాసినాచ్ ఇద్దరూ గాయాలపాలయ్యారు. ఎడమ కాలి ఆటగాడు, పరుగుకు వెనుదీయనివాడు కాబట్టి సాకాను ఆ చోటులో నిలబెట్టారు.

వెనక ఆడితే వింగర్‌కు ఒరిగేదేమిటంటే, రోజూ తను ఎవర్ని ఇబ్బంది పెట్టాలో ఆ మనిషి ఇబ్బంది తెలుస్తుంది. డిఫెండర్ ఎప్పుడు తప్పటడుగు వేస్తాడు, ఎటు తిరిగి ఉన్నప్పుడు వెనక్కి మళ్లలేడు, వీపు వెనక నుంచి వచ్చే పరుగు ఎందుకు కనబడదు అన్నవి చెబితే వచ్చేవి కావు. 2020 అక్టోబర్ 8న వేల్స్‌పై ఇంగ్లండ్ తరఫున అరంగేట్రం చేసింది కూడా లెఫ్ట్ వింగ్ బ్యాక్‌గానే. అదే ఏడాది డిసెంబర్ 26న చెల్సీపై 3-1 గెలుపులో కుడివైపు నుంచి గోల్ కొట్టాడు. ఆ తర్వాత కుడి అంచు అతని సొంతమైంది. ఈ రోజుకీ బంతి పోగానే వెనక్కి పరిగెత్తి ఫుల్‌బ్యాక్‌కు (అంచున ఆడే డిఫెండర్‌కు) తోడు నిలుస్తాడంటే, ఆ సీజన్ నేర్పిందే.

మా అబ్బాయికి 14 ఏళ్లు, ఎడమ కాలి వాటం. కోచ్ కుడి వింగ్‌లో పెట్టారు. సాకాలా లోపలికి తిరిగి కొట్టాలని చూస్తాడు, ప్రతిసారీ బంతి పోగొట్టుకుంటున్నాడు. ఏం సాధన చేయాలి?
(ఓ తండ్రి, హైదరాబాద్)

బంతి పోవడానికి చాలావరకు కారణం ఒకటే: డిఫెండర్ బరువు ఇంకా ఒక కాలి మీదికి పడకముందే లోపలికి తిరగడం. సాకాను జాగ్రత్తగా గమనించండి. బంతి అందుకున్నాక దాదాపు ఆగిపోతాడు. ఎదుటివాడిని తనే కదిలేలా చేస్తాడు. ఒక చిన్న తాకుడుతో బయటకు వెళ్తున్నట్టు చూపించి, డిఫెండర్ లైను వైపు అడుగు వేసిన మరుక్షణం లోపలికి తిరుగుతాడు. బయటికి కూడా నిజంగానే వెళ్లగలడు, కుడి కాలితో క్రాస్ వేయగలడు కాబట్టే ఆ చూపించడాన్ని డిఫెండర్ నమ్ముతాడు. మీవాడికి బయటి దారి రాకపోతే లోపలి దారీ మూసుకుపోతుంది.

సాధన ఇలా పెట్టండి. సైడ్‌లైన్ పక్కన సుమారు 15 మీటర్ల చదరం కోన్లతో గుర్తు పెట్టండి. 20 మీటర్ల దూరం నుంచి ఒకరు పాస్ ఇవ్వాలి. బంతి వచ్చేలోపు మీ అబ్బాయి రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి. వీపు సైడ్‌లైన్ వైపు ఉండాలి, మైదానమంతా కనబడాలి. బంతిని వెనకున్న కాలితో, అంటే గోల్ వైపు ఉన్న కాలితో ముందుకు తీసుకోవాలి. పాస్ ఇచ్చినవాడి వైపు కాలితో ఆపితే బంతి కాళ్ల కిందికి వచ్చేస్తుంది, డిఫెండర్ మీద పడతాడు.

మొదట డిఫెండర్ లేకుండా 8 సార్లు బయటికి వెళ్లి కుడి కాలితో వెనక్కి పాస్, 8 సార్లు లోపలికి వచ్చి ఎడమ కాలితో షాట్. ఒక్కోసారికీ మధ్య అర నిమిషం విశ్రాంతి. తర్వాత డిఫెండర్‌ను పెట్టండి, ఎటు వెళ్లాలో పిల్లవాడే నిర్ణయించుకోవాలి. ఇలా మూడు విడతలు, వారానికి రెండు రోజులు చాలు. అలసిపోయాక చేసే సాధన తప్పుల్నే అలవాటు చేస్తుంది.

షాట్ పైకి లేచిపోతోందంటే ఆనుకునే కాలు బంతికి బాగా వెనక పడుతోందని అర్థం. ఆ కాలు బంతి పక్కనే, జానెడు దూరంలో ఉండాలి. పాదం లోపలి వైపు, బొటనవేలి మొదలు ఎముకతో తగిలించి దూరపు పోస్ట్ బయటి నుంచి లోపలికి వంగేలా కొట్టాలి.

ఇంకో మాట. సాకా ఒంటరిగా ఆడడు. అతని లోపలి పక్కన మార్టిన్ ఓడెగార్డ్, వెనక నుంచి బెన్ వైట్ పరిగెత్తి రావడంతో ఎదుటి జట్టుకు ఇద్దర్ని ఒక్కడి మీదికే పంపే వీలు చిక్కేది కాదు. మీవాడి వెనకున్న ఫుల్‌బ్యాక్ కదలకుండా నిలబడితే ఎంత నేర్చినా ఇద్దరి మధ్య ఇరుక్కుంటాడు. ఈ సంగతి కోచ్‌తో మాట్లాడండి.

కుర్ర వింగర్లను లోన్ మీద వేరే క్లబ్‌లకు పంపుతారు కదా. సాకాను పంపలేదేం?
(ఓ పాఠకురాలు, వరంగల్)

అవసరం పడలేదు. లోన్ ఇచ్చేది ఆడే నిమిషాల కోసం. అతనికవి ఆర్సెనల్‌లోనే దొరికాయి. అదే అకాడమీలో పెరిగిన వింగర్ రీస్ నెల్సన్ హోఫెన్‌హైమ్‌కు, ఫెయెనూర్డ్‌కు లోన్ మీద వెళ్లి ఆడాడు. ప్రతిభలో అంత తేడా ఉందని మేమనుకోం. ఖాళీ ఏ చోట పడిందో, ఆ చోటికి ఎవరు సరిపోయారో అదే తేల్చింది.

మేం రెడింగ్‌లో ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు, జులైలో పుట్టాడు. అకాడమీ ట్రయల్స్‌లో ఎప్పుడూ చిన్నవాడిగా కనబడుతున్నాడు. ఇక్కడి పద్ధతి ఏమిటి?
(ఓ తల్లి, ఇంగ్లండ్)

ఇంగ్లండ్‌లో వయసు గ్రూపుల లెక్క సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు. సాకా 2001 సెప్టెంబర్ 5న పుట్టాడు, అంటే తన గ్రూపులో దాదాపు అందరికన్నా పెద్దవాడు. మీ బాబు ఆ గ్రూపులో చివరివాళ్లలో ఒకడు. ఎనిమిదేళ్ల వయసులో పది నెలల తేడా అంటే ఎత్తులో, పరుగులో, మాట అర్థం చేసుకోవడంలో ఇట్టే తెలిసిపోతుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా పుట్టిన పిల్లలు అకాడమీల్లో ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే. కనక ఇప్పటి ట్రయల్‌లో పేరు రాకపోతే బాబు ఆటలో లోపం ఉందని తీర్మానించకండి. వయసును కాక ఎదుగుదలను బట్టి జట్లు కట్టే పద్ధతి కూడా ఇప్పుడు అకాడమీల్లో వాడుతున్నారు. అలాంటి మ్యాచ్‌లు ఉన్నాయా అని అడగండి.

2012 నుంచి అక్కడి అకాడమీలన్నీ ఒకే ప్రణాళిక కింద నడుస్తున్నాయి. 9 నుంచి 11 ఏళ్ల లోపు గ్రూపులు మొదటి దశ, 12 నుంచి 16 రెండోది, ఆ పైన మూడోది. అధికారికంగా రిజిస్టర్ చేసేది 9 ఏళ్ల లోపు గ్రూపు నుంచే. అంతకు ముందు ఎవరు పిలిచినా అది సాధన మాత్రమే, రెండు మూడు చోట్లకు వెళ్లినా ఇబ్బంది లేదు. 16 దగ్గర స్కాలర్‌షిప్ (అకాడమీలో శిక్షణ ఒప్పందం) ఇస్తారు, 17 నిండితే ప్రొఫెషనల్ కాంట్రాక్టు. ప్రతి దశ చివరా కొందరిని వదిలేస్తారు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

దూరం కూడా లెక్క వేసుకోండి. సాకా పెరిగింది పడమటి లండన్‌లోని గ్రీన్‌ఫర్డ్‌లో, ఆర్సెనల్ హేల్ ఎండ్ అకాడమీ ఉన్నది ఈశాన్య లండన్‌లో. బడి వదిలాక నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి, వారంలో ఎన్నో సాయంత్రాలు, ఏళ్ల తరబడి. దాంతోపాటు చదువూ వదల్లేదు, బడి చివరి పరీక్షల్లో మంచి గ్రేడ్లే తెచ్చుకున్నాడు. కారులో గడిచే ఆ గంటల్లో హోంవర్క్, తిండి ఎలా కుదురుతాయో ముందే చూసుకోండి. మాకు తెలిసినంతలో కుటుంబాలు తట్టుకోలేక మానేసేది ఎక్కువగా ఇక్కడే.

తొడ కండరం పట్టేస్తే మూడు నెలలకు పైగా ఆటకు దూరమా? అంత పెద్ద గాయమా అది?
(ఓ పాఠకుడు, కర్నూలు)

పట్టేయడం వేరు, చిరగడం వేరు. 2024 డిసెంబర్ 21న క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌లో సాకాకు జరిగింది ఆపరేషన్ చేయాల్సిన గాయం. 2025 ఏప్రిల్ 1న ఫుల్హామ్‌పై సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి, కొద్ది నిమిషాల్లోనే తలతో గోల్ కొట్టాడు. ఆగస్టు 23న లీడ్స్‌తో ఆడుతుండగా మళ్లీ అదే రకం గాయం, ఈసారి రెండో కాలికి.

తొడ వెనక మూడు కండరాలుంటాయి. పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు, పాదం నేలను తాకే ముందు, ముందుకు విసిరిన కాలిని ఇవి బ్రేకు వేసి ఆపాలి. అంటే సాగుతూనే బిగుసుకోవాలి. చిరిగేది ఆ క్షణంలోనే, ఎక్కువగా బయటి వైపు కండరం. వింగర్ పని అంతా ఇలాంటి పరుగులే. పైగా సాకా 2021 మే నుంచి 2023 అక్టోబర్ దాకా వరసగా 87 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, పాల్ మెర్సన్ పేరిట ఉన్న క్లబ్ రికార్డును దాటాడు. దాన్ని గొప్పగా చెప్పుకున్నాం, చెప్పుకోదగ్గదే. కానీ 20, 21 ఏళ్ల కుర్రాడికి అన్ని మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి ఇవ్వకపోవడం మాకు సరైన పనిగా తోచదు.

మీ ఊరి జట్టులో వాడుకోదగ్గ వ్యాయామం ఒకటుంది. మోకాళ్ల మీద నిలబడి, చీలమండల్ని మరొకరు గట్టిగా పట్టుకోగా, నడుము వంచకుండా శరీరాన్ని మెల్లగా ముందుకు వాల్చాలి. ఆపుకోగలిగినంత ఆపుకుని చివర్లో చేతులు ఆనించాలి. మొదటి వారం ఒకే రోజు, 5 చొప్పున రెండు విడతలు. రెండో వారం రెండు రోజులు, 6 చొప్పున రెండు విడతలు. మూడో వారం నుంచి మూడు విడతలు. తొలి రోజుల్లో నొప్పులు ఖాయం, అందుకే మ్యాచ్ ముందు రోజు వద్దు. మొదటి రోజే 30 చేయించి, మర్నాడు నడవలేక మానేయడం అందరూ చేసే పొరపాటు.

గాయమయ్యాక నొప్పి పోయింది కదా అని దిగడం అంతకన్నా ప్రమాదం. నడక, నెమ్మది పరుగు, నేరుగా వేగంగా పరుగు, దిశ మార్చి పరుగు, జట్టుతో పూర్తి సాధన, తర్వాత 15, 20 నిమిషాల ఆట, ఈ వరస తప్పకూడదు. పూర్తి వేగాన్ని సాధనలో చాలాసార్లు అందుకోకుండా మ్యాచ్‌లో దిగితే మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ. కండరంలో గుంట కనబడినా, కాలి పిక్క దాకా కమిలినా ఫిజియో దగ్గర ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

యూరో ఫైనల్లో పెనాల్టీ పోగొట్టిన కుర్రాడు మళ్లీ పెనాల్టీలు కొట్టడానికి ఎలా సాహసించాడు?
(ఓ పాఠకురాలు, గుంటూరు)

2021 జులై 11న వెంబ్లీలో ఇటలీపై ఐదో పెనాల్టీ 19 ఏళ్లవాడికి ఇచ్చారు. ఇటలీ గోల్‌కీపర్ డొన్నరుమ్మా ఆపేశాడు. ఆ రాత్రి అతని మీద, అతనిలాగే పెనాల్టీలు పోగొట్టిన రాష్‌ఫర్డ్, సాంచోల మీద కురిసిన జాత్యహంకార దూషణ క్షమించరానిది. 2022 ఏప్రిల్‌లో మూడు రోజుల తేడాతో చెల్సీ, మాంచెస్టర్ యునైటెడ్‌లపై పెనాల్టీ గోల్స్ చేశాడు. 2024 జులై 6న డ్యూసెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లాండ్‌పై 80వ నిమిషంలో స్కోరు సమం చేసి, షూటౌట్‌లో మూడో పెనాల్టీని గోల్ చేశాడు, ఇంగ్లండ్ గెలిచింది. మధ్యలో తప్పినవీ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 16న మాడ్రిడ్‌లో బంతిని మెల్లగా పైకి లేపబోతే రియల్ మాడ్రిడ్ గోల్‌కీపర్ కోర్ట్వా ఆపేశాడు. అదే మ్యాచ్‌లో తర్వాత గోల్ కొట్టాడు. పిల్లలకు మా సలహా: ఎటు కొట్టాలో బంతి పెట్టకముందే తేల్చుకోండి, పరుగు మధ్యలో మనసు మార్చుకోవద్దు.

పదిహేనేళ్ల పిల్లవాడిని హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ క్లబ్‌లో చేర్పిస్తామని ఓ ఏజెంట్ డబ్బు అడుగుతున్నాడు. నమ్మొచ్చా?
(ఓ తండ్రి, హైదరాబాద్)

నమ్మకండి. 18 ఏళ్లు నిండనివాళ్లను వేరే దేశపు క్లబ్‌లో రిజిస్టర్ చేయడాన్ని ఫిఫా నిబంధనల్లోని 19వ ఆర్టికల్ ఆపుతుంది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఐరోపా దేశాల మధ్య 16 ఏళ్లకు ఉండే వెసులుబాటు కూడా బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్ క్లబ్‌లకు లేదు. 18 దాటాక వెళ్లాలన్నా పాయింట్ల పద్ధతిలో అనుమతి తేవాలి, అందులో లెక్కకు వచ్చేది పెద్ద లీగ్‌ల్లో, జాతీయ జట్టులో ఆడిన నిమిషాలు. డబ్బు కట్టి వెళ్లే వేసవి శిబిరాలు వేరు. వాటికి క్లబ్ పేరు ఉన్నా అవి అకాడమీలో ప్రవేశం కాదు. ఏజెంట్ చూపించే కాగితం మీద ఏ క్లబ్ పేరుందో, నేరుగా ఆ క్లబ్‌కే రాసి అడగండి. జవాబు వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.