నడుము నొప్పిని ఫ్లోరైడ్ ఖాతాలో వేయకండి

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయి రెండేళ్లు. క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ వేసుకోమన్న లెట్రోజోల్ అనే హార్మోన్ గోలీతో కీళ్లు పట్టేస్తున్నాయని మూడు నెలల కింద ఆపేసింది. నెల రోజులుగా నడుము నొప్పి. మా దిక్కు ఫ్లోరైడ్ నొప్పులు మామూలే కదా అని ఊళ్లో ఆర్‌ఎంపీతో సూదులు వేయిస్తున్నం. క్యాన్సర్ ఎక్కడన్నా ఉందా అని ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ ఏటా తీయించాలా? ఏమేం తినొద్దు?
– ఓ పాఠకుడు, చండూరు

జవాబు: పెట్ స్కాన్ సంగతి తర్వాత. ముందు ఆ నడుము నొప్పి.

రొమ్ము క్యాన్సర్ తిరగబెడితే తరచుగా చేరేది ఎముకల్లోకే. అమ్మగారిది అదేనని చూడకుండా అనను. లెట్రోజోల్ వల్ల ఎముక గుల్లబారి వెన్నుపూస నొక్కుకుపోయినా, నిజంగానే ఫ్లోరైడ్ అయినా కావచ్చు. తేల్చాల్సింది పరీక్ష. క్యాన్సర్ వైద్యం అయినవాళ్లలో కొత్త నొప్పి రెండు మూడు వారాలు దాటితే చూపించాల్సిందే. మీరు నెల ఆగారు. ఇక ఆగకండి, ఈ వారమే వెళ్లండి. కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా వారం కూడా ఆగొద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటలు కూడా లెక్కే.

ఆ సూదుల్లో ఏముందో అడిగారా? సాధారణంగా డైక్లోఫెనాక్, దానికి తోడు డెక్సామెథాసోన్. మొదటిది కిడ్నీకి, కడుపుకు చేటు. రెండోది స్టెరాయిడ్: షుగర్ పెంచుతుంది, పలచబడ్డ ఎముకను ఇంకా పలచన చేస్తుంది, నొప్పిని కప్పిపెట్టి అసలు జబ్బును దాస్తుంది. వెంటనే ఆపించండి.

ఎక్స్‌రే బాగుందంటే నిశ్చింత పడొద్దు. ఎముక చాలావరకు దెబ్బతిన్నాకే అందులో కనిపిస్తుంది. ఎమ్మారై కావాలా, బోన్ స్కాన్ కావాలా అన్నది చూసిన డాక్టర్ చెబుతారు. స్కాన్ తీసేవారికి మీ ఊరి పాత బోరు నీళ్ల సంగతి తప్పక చెప్పండి. ఇప్పుడు నల్లాలో మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. అది ఎముకను చిక్కగా చూపిస్తుంది. క్యాన్సర్ మచ్చేమోనన్న అనుమానం రావచ్చు, ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్షలో ఉన్నదానికంటే గట్టిగానూ కనిపించవచ్చు.

లెట్రోజోల్ సొంతంగా ఆపడం పొరపాటు. ఆ గోలీ కనీసం ఐదేళ్లు వాడాలి. కీళ్లు పట్టేస్తే అదే రకంలో వేరే మందుకు మార్చే వీలుంది, రోజూ నడిస్తే కొంత సర్దుకుంటుంది. క్యాల్షియం, విటమిన్ డి ఎంత వేయాలో రక్తపరీక్ష చూసి చెబుతారు.

ఇక మీరడిగినవి. ఏ బాధా లేనప్పుడు ఏటా పెట్ స్కాన్ అక్కర్లేదు, క్యాన్సర్ జాడను రక్తంలో వెతికే ట్యూమర్ మార్కర్ల పరీక్షలూ అంతే. మూడేళ్ల దాకా 3–6 నెలలకోసారి, ఐదేళ్ల దాకా 6–12 నెలలకోసారి, ఆపైన ఏటా డాక్టర్ చేత్తో చూసే పరీక్ష, ఏడాదికో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చాలు. రొమ్ము పూర్తిగా తీసేసి ఉంటే రెండో వైపు తీస్తారు. పథ్యాలేమీ లేవు, బరువు పెరగనీయకండి. బత్తాయి తోటలో, పత్తి ఏరేటప్పుడు ఆపరేషన్ అయిన వైపు చేతికి పొడుగు చేతుల చొక్కా వేయించండి. ముల్లు గీరుకుని ఆ చెయ్యి ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే మళ్లీ ఆర్‌ఎంపీ దగ్గరికి కాదు, ఆసుపత్రికే.

వెళ్లేటప్పుడు బయాప్సీ (ముక్క పరీక్ష), క్యాన్సర్ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టులు, కీమో మందుల పేర్లు, రేడియేషన్ చీటీ ఒకే ఫైలులో పెట్టుకెళ్లండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, నల్గొండలో చూపించినా మొదట అడిగేది అదే.