దుంగల దిగుమతిలోకి దిగే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

అనకాపల్లిలో మీ నాన్నగారి సా మిల్లు బాధ్యత నీవు తీసుకున్నావనీ, ఇకపై విదేశీ దుంగలను నేరుగా తెప్పించి, వీలైతే కాగితపు మిల్లులకు చిప్స్ (చిన్నగా తరిగిన కలప ముక్కలు) సరఫరా కూడా చేయాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. నీవు పంపిన కొటేషన్లను కూడా చూశాను. వాటి పక్కన నీవు రాసుకున్న లెక్కలన్నీ ధరల గురించే ఉన్నాయి. ఈ రేవులో సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ పని చేస్తూ ముసలివాణ్ణయిన నాకు ముందుగా తోచే ప్రశ్న ధర గురించి కాదు. ఆ దేశం తన దుంగను బయటికి పోనిస్తుందా, పోనిస్తే ఎంతకాలం పోనిస్తుంది అన్నదే మొదట తేల్చుకోవలసిన సంగతి.

ఉత్తరాంధ్ర పాత మండువా ఇళ్లలో స్తంభాలకు, ద్వారబంధాలకు వాడిన రంగూన్ టేకు గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ టేకు పుట్టిన మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని పూర్తిగా ఆపివేసింది. అంతకు ముందే 2001లో ఇండోనేషియా, 2010లో గబాన్ ఇదే పని చేశాయి. 2016లో లావోస్ వాటి వెంట నడిచింది. రష్యా 2022 జనవరి 1 నుంచి కోత పెట్టని సూదాకు జాతుల (పైన్, స్ప్రూస్ వంటివి) దుంగలనూ, విలువైన గట్టి కలపనూ పంపడం మానివేసింది. అడవిని కాపాడాలన్నది ఒక కారణమైతే, కోత పని, వెనీర్ (పలుచని చెక్క పొర) పని, వాటితో వచ్చే కూలి తమ దేశంలోనే మిగలాలన్నది అంతకంటే బలమైన కారణం. మన దేశం సంగతి వేరుగా ఏమీ లేదు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాతే ఇక్కడి అడవుల కోతకు గట్టి కళ్లెం పడింది, దిగుమతి కలప వ్యాపారం పెరగడానికి దారి ఏర్పడింది. కాబట్టి ఏ దేశపు దుంగ మీదనైనా మిల్లు మొత్తాన్నీ ఆధారపడేలా చేయవద్దు. ఇప్పుడు విదేశీ టేకు దుంగ కావాలంటే ఈక్వడార్, పనామా, కోస్టారికా, ఘనా, టాంజానియా వంటి దేశాల తోటల నుంచే రావాలి. అది చుట్టుకొలత తక్కువ, తెల్లచేవ (చేవ చుట్టూ ఉండే మెత్తని తెల్ల కలప) ఎక్కువ ఉన్న సరుకు. పాత బర్మా టేకు పేరు చెప్పి దాన్ని అమ్మజూపితే, చేవ తెలిసిన మన వడ్రంగులు రెండోసారి నీ గుమ్మం తొక్కరు.

ఇక చైనా. 1998 వరదల తర్వాత ఆ దేశం సహజారణ్యాల కోతను దశలవారీగా తగ్గించి, 2017 నాటికి వాణిజ్యపరమైన కోతను దేశమంతటా నిలిపివేసింది. తన అడవిని మూసుకున్నాక ప్రపంచమంతటి నుంచీ కొనడం మొదలుపెట్టి, 2021లో ఆరు కోట్ల క్యూబిక్ మీటర్లకు పైగా దుంగలను దిగుమతి చేసుకుంది. ఆ తర్వాత అక్కడి ఇళ్ల నిర్మాణం కుంటుపడటంతో కొనుగోలు బాగా తగ్గింది. న్యూజిలాండ్ పైన్ దుంగల్లో అత్యధిక భాగం ఆ దేశానికే వెళ్తుంది కనుక, అక్కడ గిరాకీ పడితే ధర పడుతుంది, అమ్మకందారులకు అప్పుడు మనం గుర్తుకొస్తాం. పురుగులు దొరికాయన్న కారణంతో చైనా 2020 చివరి నుంచి ఆస్ట్రేలియా దుంగలను ఆపి 2023 మేలో మళ్లీ అనుమతించింది. 2025 మార్చిలో అమెరికా దుంగలనూ ఆపి నవంబరులో తెరిచింది. చైనా తలుపు వేసిన నెలల్లో వచ్చే చౌక ధరను చూసి ఏడాది పొడవునా అదే ధర ఉంటుందని లెక్క కట్టకు. బెరడు పురుగు పట్టి ఎండిన జర్మనీ, చెక్ దేశాల స్ప్రూస్ కూడా ఇలాగే కొన్నేళ్లు కుప్పలుగా మార్కెట్‌లోకి వచ్చింది. ఎండిన చెట్లు తరిగేకొద్దీ ఆ సరుకూ తగ్గింది. అటువంటి సరుకును దొరికినప్పుడు కొనుక్కోవాలి తప్ప, దాని కొలతలకు తగినట్లు కొత్త రంపపు యంత్రం కొనకూడదు.

కలపతో పాటు పురుగులు దేశంలోకి రాకుండా పెట్టిన క్వారంటైన్ నిబంధన చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఓడలనే ఆపుతుంది. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరకు హాని చేస్తుందని, ఓడ గోదాముల్లో ఆ వాయువుతో ఫ్యూమిగేషన్ చేయడాన్ని, అంటే వాయువు పట్టించి పురుగులను చంపడాన్ని, న్యూజిలాండ్ 2023 నుంచి నిషేధించింది. మన నిబంధనలేమో ఆ వాయువునే కోరేవి. ఈ చిక్కు వల్ల ఆ దేశపు పైన్ మనకు రావడం బాగా పడిపోయింది, ఉరుగ్వే పైన్‌కు ఇక్కడ చోటు దొరికింది. కనుక ఫ్యూమిగేషన్ ఏ వాయువుతో, ఎక్కడ, ఎవరి ఖర్చుతో చేయాలన్నది ఒప్పందంలోనే ఉండాలి. ధ్రువపత్రంలో ఒక్క మాట తేడా వచ్చి సరుకు రేవులో ఆగితే, డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) రోజురోజుకూ నీ లాభాన్ని తినేస్తుంది.

కొలత విషయంలో మాత్రం నీవు టేపు పట్టుకుని స్వయంగా నేర్చుకో. అయిదు మీటర్ల పొడవు, నడుమ 160 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న దుంగను తీసుకో. మన డిపోల్లో వాడే హాపస్ పద్ధతిలో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన 40 సెంటీమీటర్లను వర్గం చేసి, పొడవుతో గుణిస్తే 0.8 క్యూబిక్ మీటర్ వస్తుంది. అదే దుంగ అసలు ఘనపరిమాణం సుమారు 1.02. అంటే హాపస్ లెక్క అసలులో 78.5 శాతమే చూపుతుంది. తరుగు, బెరడు, పగుళ్లు పోను మిగిలే దాన్ని దృష్టిలో పెట్టుకుని పాతవారు దాన్నే వాడుకలో ఉంచారు. న్యూజిలాండ్ వారు జపాన్ వ్యవసాయ ప్రమాణం ప్రకారం అమ్ముతారు. అందులో సన్నటి కొన వ్యాసాన్ని తీసుకుని, సరి సంఖ్యకు కిందికి దించి లెక్కిస్తారు. ఒకరు ఒక కొలతలోనూ, ఇంకొకరు మరో కొలతలోనూ క్యూబిక్ మీటర్ ధర చెప్పినప్పుడు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం వృథా. నీవు పంపిన కొటేషన్లలో రెండింటిలో కొలత పద్ధతే లేదు.

చిప్స్ సంగతికి వస్తే, అది దుంగల వ్యాపారానికి తోబుట్టువులా కనిపించినా నడక వేరు. వియత్నాం అకేషియా తోటల నుంచి క్వీ న్యోన్ వంటి రేవుల మీదుగా పెద్ద ఎత్తున చిప్స్ వెళ్తాయి. కొనేవారిలో చైనా, జపాన్ ముందు వరుసలో ఉన్నాయి. చిప్స్ తేలిక సరుకు కాబట్టి జపాన్ వారు 1960ల నుంచే వాటి కోసం ప్రత్యేకంగా ఓడలు కట్టించుకున్నారు. బేరం పూర్తిగా ఎండిన టన్ను లెక్కన జరుగుతుంది. నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేవరకు ఎండబెట్టి తేమ తేలుస్తారు. వెయ్యి టన్నుల పచ్చి చిప్స్‌లో తేమ 50 శాతమైతే నీకు దక్కేది 500 టన్నుల కలప. 45 శాతమైతే 550. నమూనా ఎవరు తీస్తారు, ఏ ప్రయోగశాల తేలుస్తుంది అన్నదాని మీదే నీ లాభనష్టాలు ఆధారపడతాయి.

మన రాష్ట్రంలో సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసిన రైతులకు కాగితపు మిల్లులే ప్రధాన కొనుగోలుదారులు. ఎగుమతి విధానంలో దుంగలనూ, చిప్స్‌నూ చాలాకాలంగా నిషేధిత జాబితాలో ఉంచారు కాబట్టి, బయటి మార్కెట్‌లో ధర ఎంత పెరిగినా రైతుకు ఆ వైపు దారి లేదు. మిల్లులు మాత్రం చవకైనప్పుడు బయటి నుంచి చిప్స్ తెచ్చుకోగలవు. ఈ ఏర్పాటు న్యాయమైనదని నేననుకోను. అయినా నీ వంటి చిన్న మిల్లు ఆ రెంటి మధ్య నిలబడి లాభం తీయాలనుకోవడం సాహసం. చిప్స్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, కోతలో మిగిలే పొట్టునూ, అంచు చెక్కలనూ బాయిలర్లు ఉన్నవారికి అమ్ముకో.

దుంగలు మాత్రం తెప్పించు. మొదటి ఏడాది ఇక్కడి దిగుమతిదారుల దగ్గర కంటైనర్ల లెక్కన కొని, ఏ జాతి ఎంత తరుగు ఇస్తుందో పుస్తకంలో రాసుకో. గుజరాత్‌లోని గాంధీధామ్ వెళ్లి, కాండ్లా రేవులో దిగిన పైన్‌ను అక్కడి మిల్లులు ఎలా కోసి, ఎంత త్వరగా పంపుతున్నాయో చూసి రా. పైన్‌ను ఈ సముద్రపు గాలిలో వదిలేస్తే కొద్ది రోజుల్లోనే నీలిమచ్చ పడుతుంది, అప్పుడది సెంటరింగ్ చెక్క వంటి చిన్న పనులకే పోతుంది. ఎగుమతి సరుకు ప్యాలెట్లకు అమ్మాలంటే కలప నడిబొడ్డు వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి, అలా తగిలిందని తెలిపే ముద్ర ఉండాలి. దానికి వేడిగది కావాలి కనుక ఆ ఖర్చును ఇప్పుడే లెక్కలో చేర్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో సరుకు రేవుకు చేరేలా ఒప్పుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఏం చేసిందో నీవూ చూశావు.

కొలత, ఫ్యూమిగేషన్, గడువు నిబంధనలు స్పష్టంగా రాయమని కొటేషన్లు ఇచ్చిన ఆ ముగ్గురు అమ్మకందారులకూ మళ్లీ లేఖలు పంపు. ఒప్పందం ముసాయిదా రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపితే, చదివి మార్జిన్‌లో నా అభిప్రాయం రాసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ మేనమామ