బేరింగ్ విప్పే ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మడూ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు కారు ముందు చక్రం బేరింగ్ తనే మారుస్తుందట, నువ్వైనా చెప్పరా" అంది. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు మీసాల్లోనే నవ్వుకున్నాను. ఆ తర్వాత టెన్షన్ పట్టుకుంది.

ఇంతకీ కారు నడిపితే చక్రం దగ్గర వస్తున్న ఆ హోరు బేరింగ్‌దేనా? టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అచ్చం అలాగే మోగుతుంది. చక్రం పైకి లేపి ఒక చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించు. బేరింగ్ పోతే ఆ గరగర వేళ్లకు తెలుస్తుంది. ఇంకో సంగతి, కొన్ని కార్లకు చక్రం బిగించే హబ్‌తో కలిపే బేరింగ్ వస్తుంది. నీది అదైతే బోల్టులు విప్పి మార్చడమే, కింద రాసిన గొడవ సగం నీకు లేదు.

చక్రం మధ్యలో ఉండే యాక్సిల్ నట్టు కారు నేల మీద ఉండగానే వదులు చెయ్యి. మిగతా చక్రాలకు అడ్డు పెట్టు. జాకీని నమ్మి కింద దూరకు, స్టాండ్లు వెయ్యి. బ్రేక్ కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే. హబ్ బయటికి వచ్చేటప్పుడు పాత బేరింగ్ లోపలి రింగు ఒక్కోసారి దాన్నే పట్టుకుని వచ్చేస్తుంది. నాకూ అలాగే వచ్చింది. అప్పుడు నీకు ఆరేళ్లు. టార్చి గడ్డానికి ఆనించుకుని నా ఎదురుగా గొంతుక్కూర్చున్నావు. పక్కింట్లో రింగులు ఊడలాగే పుల్లర్ ఉంది, అడగడానికి నాకు నామోషీ. ఉలి పెట్టి పెద్ద సుత్తితో కొట్టాను. మూడో దెబ్బకు టక్కుమంది, వెలుగు పోయింది. బల్బు మాడిందనుకున్నాను. చూస్తే టార్చి అద్దంలో చిన్న కన్నం, చుట్టూ సాలెగూడులా పగుళ్లు. ఆ రింగు బాగా గట్టి ఉక్కమ్మా. వంగదు, పెంకులా చిట్లుతుంది. కాస్త పైకి ఎగిరి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ రాయలేను. నువ్వు ఏడవలేదు. "ఇంకో టార్చి తేనా మామయ్యా?" అన్నావు. ఆ రోజు మళ్లీ సుత్తి పట్టలేదు. మీ అమ్మకు టార్చి జారిపడి పగిలిందని చెప్పాను, ఇన్నేళ్లూ అదే మాట మీద ఉన్నాను. చెప్పావో, నేను ఊరుకోను.

కాబట్టి కళ్లద్దాలు సుత్తి తీసేటప్పుడు కాదు, జాకీ పెట్టేటప్పుడే పెట్టుకో. రింగు పుల్లర్‌తో లాగు. రాకపోతే గ్రైండర్‌తో గాడి కొయ్యి, హబ్‌కు తగలకుండా ముందే ఆపు. ఆ తర్వాత ఉలితో చిన్న దెబ్బ చాలు, అదే విడుతుంది.

కొత్త బేరింగ్‌ను అది కూర్చునే దిమ్మలోకి, అదే నకిల్‌లోకి, నొక్కేటప్పుడు బయటి రింగు మీదే నొక్కు. హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం ఇవ్వు. ఇది తారుమారైతే ఒత్తిడంతా గోళీల మీదుగా పోయి రింగు మీద గుంటలు పడతాయి. కొత్త బేరింగే మళ్లీ హోరెత్తుతుంది. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం బేరింగ్‌కు అయస్కాంతపు సీలు ఉంటే ఆ వైపు సెన్సర్‌కు ఎదురుగా రావాలి. బేరింగ్ జారిపోకుండా పట్టే సర్‌క్లిప్ మర్చిపోకు. బేరింగ్ నొక్కే ప్రెస్ లేకపోతే నకిల్ విప్పి వర్క్‌షాప్‌కు పట్టుకెళ్లు. నామోషీ నా జబ్బు, నీకెందుకు?

యాక్సిల్ నట్టు కొత్తదే వాడు. మాన్యువల్‌లో ఉన్న అంకెకే, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించు. అది బిగించకుండా కారును చక్రాల మీద నడపకు, తోయకు.

తలకు కట్టుకునే లైటు ఒకటి పంపుతున్నాను, ఇక టార్చి ఎవరూ పట్టుకోనక్కర్లేదు. కళ్లద్దాలు రెండు జతలు పెట్టాను. రెండోది మీ అమ్మకు. ఎంత వద్దన్నా వచ్చి నీ పక్కనే నిలబడుతుంది.

మామయ్య