రొయ్యల చెరువులపై వాదనా వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయి?

చెల్లెమ్మా, వరి పొలాలను రొయ్యల చెరువులుగా మార్చడంపై వక్తృత్వ పోటీకి లైబ్రరీలో ఎంత వెతికినా వార్తలే తప్ప వాదించే వ్యాసాలు దొరకట్లేదన్నావు. టెన్షన్ పడకు. వెతికే చోటు మారిస్తే చాలు.

‘అధికారులు చెరువులను పరిశీలించారు’ అన్నది వార్త. ‘కొత్త చెరువులకు అనుమతులు ఆపాలి, ఎందుకంటే పక్క చేలోకి ఉప్పునీరు ఊరుతోంది’ అన్నది వాదన. నీకు కావలసింది ఆ ‘ఎందుకంటే’. అది సంపాదకీయం పేజీలో ఉంటుంది, జిల్లా ఎడిషన్‌లో కాదు.

పేపర్లన్నీ తిరగేయకు, ముందు తేదీ పట్టుకో. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తొలగించాలని తీర్పిచ్చింది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది 2005లో. ఇలాంటి నిర్ణయాలప్పుడే రెండు పక్షాలూ గట్టిగా రాస్తాయి. ఆ తేదీల తర్వాతి రెండు మూడు వారాల సంపుటాలు ఇమ్మని లైబ్రేరియన్‌ గారిని అడుగు. మీ ఊళ్లో లేకపోతే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లు, పాత పుస్తకాలకు పెట్టింది పేరు.

పాఠకుల లేఖలు మాత్రం వదలొద్దు. నా దృష్టిలో అసలు సరుకు అక్కడే ఉంటుంది. వ్యాసం వచ్చిన నాలుగైదు రోజులకు చెరువు రైతో, పని పోయిన కూలీయో దానికి జవాబు రాసి ఉండొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

ఫోటో తీసుకునేటప్పుడు పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు కూడా ఫ్రేములో పడేలా చూసుకో. జడ్జీలు అడుగుతారు.