‘ఆటవిక చర్య’ అనవచ్చునా?

సందేహం: మాది మందస దగ్గర పల్లె. ఎవరైనా మొరటుగా మాట్లాడితే ‘ఒట్టి కొండోడు’ అని పెద్దలు కసురుకుంటారు. అలా అనకూడదని మేము పిల్లలకు చెబుతున్నాము. కాని ఎక్కడైనా దాడి జరిగితే వార్తల్లో ‘ఆటవిక చర్య’, ‘కిరాతకం’ అని రాస్తారు. అవి మాత్రం ఒప్పేనా?

సమాధానం: రెండింటిలో ఉన్నదీ ఒకే నింద. మొదటిది వాడుక మాట కనుక చెవికి వెంటనే గుచ్చుకుంటుంది, రెండవది సంస్కృత పదం కనుక పెద్దమనిషిలా చెలామణి అయిపోతుంది.

‘అటవి’ శబ్దం మీద తద్ధిత ప్రత్యయం చేరి, మొదటి అచ్చు ‘అ’ వృద్ధి పొంది ‘ఆ’ అయి ‘ఆటవిక’ ఏర్పడింది. అడవికి చెందినది, అడవిలో ఉండేవాడు అన్నవే దీని అర్థాలు. గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు ఆటవిక రాజులందరినీ పరిచారకులుగా చేసుకున్నాడని ఆయన్ను పొగిడే శాసనం, అలహాబాదు ప్రశస్తి, చెబుతుంది. అక్కడ ఓడినవారన్న చులకన ఉన్నదే తప్ప క్రూరులన్న భావం లేదు.

చిన్నచూపు అంతకన్నా పాతదే. తండ్రి మాట కాదన్న విశ్వామిత్రుని కొడుకులు శాపం తగిలి పొలిమేరల అవతలి జనులయ్యారని చెబుతూ ఐతరేయ బ్రాహ్మణమన్న వైదిక గ్రంథం ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులను ఒకే వరుసలో నిలబెట్టి దస్యులన్నది. (శబరులంటే మన కొండల్లోని సవరలేనంటారు; వారిని తక్కువ చేసి మాట్లాడే మనవాళ్లు ఈ జాబితాలో తమ పేరు ఎక్కడున్నదో ఒకసారి చూసుకోవాలి.) ఆ నిందకు ఆధారం ఆచారమూ దూరమూ, పుట్టుకతో వచ్చిన ముఖకవళికలు కావు. ఆ కొలత ఇంగ్లీషువారి పాలనలో వచ్చింది. 1901 జనాభా లెక్కల కమిషనరు హెర్బర్ట్ రిజ్లీ, ముక్కు వెడల్పుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తిని బట్టి మనుషుల అంతస్తు చెప్పవచ్చునని వాదించాడు. పాత చులకన ఆ విధంగా శాస్త్రం వేషం కట్టింది.

ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల ముక్కులు కొలవలేదు, వారి నోట సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. మాటే సరిగా రానివారని కొండవారిని గురించి చెప్పుకునేవారికి, తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబపు భాష ఎంత నియమబద్ధమైనదో చూపడానికి ఈ గ్రంథాలే చాలు.

ప్రభుత్వ పరిభాష కూడా మారుతూ వచ్చింది. కొండసవరల వంటి సమూహాల వర్గీకరణలో ఉన్న ‘ఆదిమ’ అన్న విశేషణాన్ని 2006లో తీసివేసి, బలహీన స్థితిని సూచించే మాట పెట్టారు. నింద పోయి జాలి వచ్చిందన్నమాట. ఇది కొంత మెరుగే కాని సమానత్వం మాత్రం కాదు.

మీరడిగిన ‘కిరాతకం’ మరీ తప్పు, ఎందుకంటే కిరాతులన్నది ఒక జనసమూహం పేరు. దాడిని దారుణమనో ఘాతుకమనో రాయండి. ‘ఆటవిక రాజ్యం’ అనదలచిన చోట ‘అరాచకం’ సరిపోతుంది. శాసనాల చర్చలో మాత్రం ‘ఆటవిక’ పదాన్ని దాని సొంత అర్థంలో నిస్సంకోచంగా వాడవచ్చును.