కాపీ అయిపోయిందంటుంది, ఇజెక్ట్ మాత్రం అవ్వదు: పెన్‌డ్రైవ్ లాగేయొచ్చా?

ఉబుంటులో (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఒకటిన్నర జీబీ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి పది సెకన్లలో కాపీ అయిపోతోంది, ఇజెక్ట్ నొక్కితే మాత్రం మూడు నిమిషాలు తిరుగుతోంది, ఆ టైంలో లాగేస్తే ఏమవుతుంది అని అడిగారు. నేను లాగేశాను కాబట్టి చెప్తాను.

విశాఖ డాబాగార్డెన్స్‌లో మాది చిన్న వీడియో ఎడిటింగ్ షాపు. ఒకసారి పెళ్లి వీడియో కోసం గాజువాక నుంచి పెళ్లికూతురి నాన్నగారు వచ్చారు. బయట ఆటో ఆగి ఉంది, ఆయనకి తొందర. బార్ నూరు శాతం చూపించగానే పెన్‌డ్రైవ్ పీకి చేతిలో పెట్టేశాను. సాయంత్రం ఫోన్ చేశారు. "బాబూ, జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చింది. తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగిపోయింది" అన్నారు. తెప్పించి చూస్తే ఫైలు పేరుంది, సైజు కూడా సరిగ్గానే ఉంది. లోపల సగం నుంచి చెత్త.

జరిగిందేమిటంటే, కాపీ ప్రోగ్రాం "ఇది రాయి" అన్నప్పుడు లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఆ డేటాని ర్యామ్‌లో పెట్టుకుని "సరే" అనేస్తుంది. కొట్టువాడు బేరం హడావిడిలో పలక మీద గీసుకుని, తీరిక దొరికాక పద్దు పుస్తకంలో ఎక్కించినట్టు. అలా ఎక్కించాల్సిన ర్యామ్ ముక్కల్ని డర్టీ పేజీలంటారు. మురికని కాదు, డిస్కులో ఉన్నది ఇంకా పాతదని. డిఫాల్ట్‌గా ప్రతి 5 సెకన్లకీ కెర్నల్ లేచి, 30 సెకన్లు దాటిన పేజీలని డిస్కులోకి తోస్తుంది. ఖాళీగా వాడుకోదగ్గ ర్యామ్‌లో ఇవి 10 శాతం దాటితే వయసు చూడకుండా తోయడం మొదలుపెడుతుంది. 20 శాతానికి చేరితే రాసే ప్రోగ్రాంనే ఆపి కూర్చోబెడుతుంది. మీది 16 జీబీ ర్యామ్ అయితే ఒకటిన్నర జీబీ దర్జాగా పలక మీదే పట్టేస్తుంది. సెకనుకి 8 ఎంబీ రాసే చవక పెన్‌డ్రైవ్‌కి అదే పని మూడు నిమిషాల పైమాట. మీ ఇజెక్ట్ లెక్క అదే.

నమ్మకం కుదరకపోతే కాపీ అయ్యాక టెర్మినల్‌లో ప్రాక్ మెమ్‌ఇన్ఫో ఫైలు (/proc/meminfo) తెరిచి 'డర్టీ' అన్న లైను చూడండి. పధ్నాలుగు లక్షల కేబీ దగ్గర మొదలై నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. నేను ఇప్పుడు ర్యామ్‌లో మిగిలిందంతా డిస్కులోకి రాసెయ్యమనే 'సింక్' (sync) కమాండ్ కొట్టి, ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా ఎవరు తొందరపెట్టినా ముట్టుకోను.

కరెంటు పోయినా ఇదే గొడవ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టి రోజుల తరబడి కరెంటు లేకపోయాక యూపీఎస్ కొన్నాను గానీ, పెన్‌డ్రైవ్ పీకే చేతిని యూపీఎస్ ఆపదు కదా! డేటాబేస్‌లు అందుకే ర్యామ్‌ని నమ్మవు. బిల్లు సేవ్ కాగానే 'ఎఫ్‌సింక్' పిలుస్తాయి. అప్పుడు కెర్నల్ తన దగ్గరున్నది డిస్కుకి పంపి, డిస్కు సొంత క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) ఉన్నది కూడా ఖాళీ చేయమంటుంది.

విండోస్‌లో ఈ బాధ తక్కువ. విండోస్ 10 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకి 'క్విక్ రిమూవల్' డిఫాల్ట్, అంటే రాయాల్సింది ఇలా ర్యామ్‌లో దాచుకునే రైట్ క్యాష్ ఉండదు. అయినా కాపీ నడుస్తుండగా మాత్రం పీకకండి.

లినక్స్‌లో కాపీ బార్ నిజం చెప్పాలంటే, డర్టీ పేజీలు ఎంతవరకు పోగవ్వొచ్చో చెప్పే 'వీఎం.డర్టీ_బైట్స్' (vm.dirty_bytes) అనే కెర్నల్ సెట్టింగ్ విలువని 52428800 చేయండి, అంటే 50 ఎంబీ. కాకపోతే ఇది అన్ని డిస్కులకీ వర్తిస్తుంది. పెద్ద వీడియో రెండర్ చేసేటప్పుడు నాకు స్పీడు తగ్గింది, అందుకే తీసేసి సింక్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.