బోర్డు ఏ కారణం రాసిందో ముందు చూడండి

ప్రశ్న: మా నాన్న సైన్యంలో 24 ఏళ్లు పనిచేసి 2022లో హవల్దార్‌గా రిటైరయ్యారు. మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం వైకల్యం రాసింది. కానీ అది సర్వీసు వల్ల రాలేదని డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు. ఇప్పుడు అడగొచ్చా? నేను ఇంటర్ రెండో ఏడాది. నా ఇంజినీరింగ్ కోటాకు ఇది అడ్డమా? – ఓ విద్యార్థిని

జవాబు: కోటాకు అడ్డం కాదమ్మా. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో క్యాప్ కేటగిరీ (సైనికుల పిల్లల కోటా) మాజీ సైనికుల పిల్లలకు వర్తిస్తుంది, వైకల్య పెన్షన్‌తో దానికి ముడి లేదు. డిశ్చార్జి బుక్కు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ధ్రువపత్రం ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఇంటర్‌లో 60 శాతం దాటితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కూడా దరఖాస్తు చేయొచ్చు. ఎంపికైతే అమ్మాయిలకు నెలకు రూ.3,000. దరఖాస్తు బీటెక్ మొదటి ఏడాదిలోనే చేయాలి, తర్వాత తీసుకోరు.

ఇక నాన్నగారి సంగతి. ముందు నాన్నగారి రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు నుంచి రిలీజ్ మెడికల్ బోర్డు (రిటైరయ్యేముందు జరిపే వైద్య పరీక్ష) నివేదిక కాపీ తెప్పించండి. మామూలుగా ఇవ్వకపోతే ఆర్టీఐ ఉంది. చాలామంది అందులో శాతం చూసి ఆగిపోతారు. అసలు చూడాల్సింది పక్కన రాసిన కారణం. బీపీ కేసుల్లో తరచూ ‘పీస్ స్టేషన్‌లో (యుద్ధం, సరిహద్దు ఒత్తిడి లేని చోట) మొదలైంది’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. భర్తీ సమయంలో లేని జబ్బు సర్వీసులో వస్తే అది సర్వీసు వల్లే అని భావించాలనీ, కాదంటే కారణాలు బోర్డే చూపాలనీ ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అధిక బరువు, పొగతాగడం అని బోర్డు రాసి ఉంటే గెలవడం కష్టమవుతుంది. అప్పుడు ఏటా జరిగిన వైద్య పరీక్షల్లో బరువు ఎంత నమోదైందో సరిచూడాలి.

గెలిస్తే ఎంత? 100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. డీఏ కలపకుండా ఆ జీతం రూ.50,000 అనుకుంటే, 30 శాతం వైకల్యానికి రూ.4,500. కానీ 50 కన్నా తక్కువ శాతాన్ని 50గా లెక్కించే బ్రాడ్ బ్యాండింగ్ పూర్తికాలం చేసి రిటైరైనవారికీ వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. దాంతో రూ.7,500, పైన డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరవు భృతి). 2023 సెప్టెంబరు 21 నుంచి నిబంధనలు మారాయి గానీ, 2022లో రిటైరైన నాన్నగారికి పాతవే.

తిరస్కరణ అందాక ఆర్నెల్లలో మొదటి అప్పీలు, అదీ పోతే రెండోది, ఆపై సాయుధ బలగాల ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. గడువు దాటిందని వదిలేయకండి, జాప్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు జతచేయాలి. పెన్షన్ నెలనెలా వచ్చే హక్కు కాబట్టి సాధారణంగా జాప్యం వల్ల కేసు పోదు, బకాయిలే తగ్గుతాయి. ట్రిబ్యునల్‌లో వేసిన తేదీ నుంచి వెనక్కి మూడేళ్లకే లెక్కకట్టే అవకాశం ఎక్కువ. 2022 నుంచి చూస్తే, ఇక ఆగిన ప్రతి నెలా ఓ నెల బకాయి పోయినట్టే.